వంత పాడుటలోని ఆనందము

(డయోసిస్ శతవార్షికోత్సవముల సందర్భమున గాయక బృందముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



"సంఘ జీవితములో సంగీత నాటకముల స్థానము" అను విషయమై నన్ను మాట్లాడమన్నారు. విషయము పెద్దది, నాకిచ్చిన సమయము చిన్నది. అందుచేత అందులో ఒక మూలను మాత్రమే పట్టుకుంటాను. ప్రదర్శనను విడిచి, దానికి ముందు నెలన్నర పాటు రాత్రిళ్ళు జరిగే సాధనను గూర్చి చెబుతాను. అందులోను హేరోదు వేషమును, యోసేపు వేషమును విడిచి, వెనుక వరుసలో గుంపుగా నిలిచి వంత పాడేవారిని గూర్చి చెబుతాను. కోరస్ అని అందరూ అనేది వీరినే. నలభై ఏండ్లకు పైగా కోనసీమలోని మా చిన్న సంఘములో ఆ వెనుక వరుసలోనే నిలిచినవాడిని గనుక ఈ నాలుగు మాటలు చెప్పడానికి నాకు కొంత హక్కు ఉన్నదనుకుంటాను.

మన భాషలో ఈ "వంత" అనే మాటకు పాపము మంచి పేరు లేదు. "ఆయన ఏమంటే ఈయన దానికి వంత పాడతాడు" అంటే అది మెచ్చుకోలు కాదని మీకు తెలుసు. సొంత బుద్ధి లేనివాడని అర్థము. అయితే ఈ మాట వచ్చిన చోటికి వెళ్ళి చూడండి. బుర్రకథలో నడుమ కథకుడు తంబుర మీటుతూ, అందెలు మ్రోగిస్తూ అడుగు వేస్తాడు. ఇరుప్రక్కల ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తూ నిలుస్తారు. ఒకరిది హాస్యము, ఒకరిది రాజకీయము. కథకునికి ఊపిరి తిరిగే వ్యవధి ఇచ్చేది వారే. జనము మనసులోని ప్రశ్నను అడిగేది వారే. కథ చప్పబడుతున్నదనిపిస్తే మాట విసిరి లేపేది కూడా వారే. వంతలు లేని బుర్రకథను ఎవరైనా విన్నారా? మన సంఘములలో బైబిలు కథలను బుర్రకథలుగా చెప్పించుకొన్న పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. కనుక వంత పాడడమంటే ప్రతిధ్వని పలకడము కాదు, మోయడము. పల్లకీ మోసినట్లు పాటను మోయడము.

మనమున్న ఈ గోదావరి సీమకు ఔత్సాహిక నాటకము క్రొత్త కాదు. 1880లో ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరము వచ్చి నాటకములాడి వెళ్ళారు. వారు విడిచిపోయిన పాకలోనే కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచేత తెలుగు నాటకమాడించారు. అనగా ఇక్కడ ఆధునిక తెలుగు నాటకమునకు తొలి నటులు బడిపిల్లలు. తరువాత పదేండ్లు తిరగకుండానే ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి సమాజము కొరకు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు వరుసగా నాటకములు వ్రాశారు. వాటిలో "గయోపాఖ్యానము" లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయినది. ఆ సమాజములో ఆడవేషములు కట్టిన కుర్రవాడొకడు పెద్దవాడై 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి అయినాడు. ఆయనే టంగుటూరి ప్రకాశముగారు. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అనే నాటక సంఘములో వేషములు వేసినవారిలో ఎస్.వి. రంగారావుగారు ఒకరు. పగలు ఉద్యోగమో చదువో చూసుకొని రాత్రి రంగు పూసుకొనే అలవాటు ఈ నేలకున్నది.

ఆ పద్యనాటకములలో మనము గమనించవలసిన చిన్న ఘట్టమొకటి ఉన్నది. నాటకము ఆరంభమయ్యే ముందు పాత్రధారులందరూ కలిసి నిలిచి ప్రార్థన పాడతారు. రాజు వేషమువాడు, బంటు వేషమువాడు, పతివ్రత, విలను అందరూ రంగులతోనే ఒక వరుసలో నిలిచి ఒక్క గొంతుతో పాడతారు. ఆ తరువాత పద్యములకు ఎవరి రాగము వారిదే, ఎవరి "వన్స్‌మోర్" వారిదే. కాని ఆ మొదటి పాటలో మాత్రము ఎవరూ పెద్ద కాదు, ఎవరూ చిన్న కాదు. మన క్రిస్మసు నాటకము ఆ మొదటి పాటనే తెల్లవార్లూ సాగించినట్టుంటుందని నాకనిపిస్తుంది.

సంఘములోనికి ఈ గుంపు పాట ఎట్లా వచ్చినదో రెండు మాటలు. 1803లో జన్మించి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరిగారి వంటివారు మన రాగములలో కీర్తనలు కట్టారు. నేటికీ కీర్తనల పుస్తకము తెరిస్తే ప్రతి కీర్తన నెత్తిన రాగము, తాళము పేర్లు కనిపిస్తవి. 1912లో దోర్నకల్‌కు మొదటి బిషప్పుగా వచ్చిన అజరయ్యగారు తమిళులైనా, తెలుగు కీర్తనలను, భజనలను, కథలను, నాటకమును ప్రోత్సహించారు. చదువురాని పల్లె విశ్వాసికి వాక్యము చెవి ద్వారా, కాలి అడుగు ద్వారా అందుతుందని వారు గ్రహించారు. కోలాటము, భజన, కీర్తన, నాటకము ఒకే ఇంటి బిడ్డలుగా మన పల్లెలలో పెరగడానికి ఇటువంటి పెద్దలే కారణము.

ఇక సాధన సంగతి. కాలము చూడండి. నవంబరు, డిసెంబరు అంటే డెల్టాలో సార్వా కోతల రోజులు. పగలంతా వంగి కోసి, పనలు కట్టి, కుప్పలు వేసి వచ్చిన మనిషి సాయంత్రము నీళ్ళు పోసుకొని, ఇంత ముద్ద తిని, గుడి వసారాలోనికి వచ్చి చాప మీద కూర్చునేది. అరచేతులలో గడ్డి కోసిన గీతలు పచ్చిగానే ఉండేవి. ఆ చేతులతోనే తాళము వేసేది. మొదటి అరగంట ఎవరికీ గొంతు పలికేది కాదు. ఒక అత్తయ్య ఆవలించేది. ఒక బాబాయి గోడకు చేరబడి కునుకు తీసేవారు. హార్మోనియం మాస్టారు ఏమీ అనేవారు కాదు. బెల్లోస్ కదిలించి శ్రుతి పట్టుకొని కూర్చునేవారు. ఆ శ్రుతి అట్లా మ్రోగుతూ మ్రోగుతూ ఉండగా ఒకరు, ఇద్దరు, నలుగురు కలిసేవారు. ఎనిమిదిన్నరకల్లా వసారా నిండిపోయేది. ఇంటికి వెళ్ళేటప్పుడు వచ్చినప్పటికంటె ఎక్కువ ఓపికతో వెళ్ళేవారు. పని చేసి అలసినవారు మరల పని చేసి అలుపు తీర్చుకొనడము నేను అక్కడే చూశాను.

చదువు వచ్చినవారికి కాగితము మీద పాట వ్రాసి ఇచ్చేవారు. రానివారికి వినడమే. విచిత్రమేమంటే, రానివారికే ముందు నోటికి వచ్చేది! కాగితము చేతిలో ఉన్నవారు పదిహేను రోజులైనా దానినే చూస్తూ పాడేవారు. మా కోరస్‌లో బడికి వెళ్ళని ఒక అక్క పన్నెండు పాటలు చరణము తప్పకుండ అప్పగించేది. టీచరు ఉద్యోగము చేస్తున్న ఇద్దరికి మాట మరచినప్పుడు అందించేది ఆమెనే. పగలు ఎవరు ఎవరికి పాఠము చెబుతారో, రాత్రి ఆ వరుస తిరగబడేది. రాజైన దావీదు ఏర్పరచిన 288 మంది గాయకులను గూర్చి మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయములో చదువుతాము. అక్కడ కూడ గురువని, శిష్యుడని భేదము లేకుండ అందరికీ ఒకటే చీటి వేశారు.

కలిసి పాడడము వినడానికి సుళువు, చేయడానికి కష్టము. మొదటి చిక్కు శ్రుతి. మగవారికి ఒకటి, ఒకటిన్నర శ్రుతి హాయి. ఆడవారికి ఐదు, ఐదున్నర హాయి. అందరికీ న్యాయముగా ఉంటుందని నడుమ నాలుగు పెడితే మగవారి గొంతు పై స్థాయిలో పట్టేస్తుంది, ఆడవారి గొంతు క్రింది స్వరములలో వినిపించకుండ పోతుంది. "మాకు తగ్గించండి" అని ఒక ప్రక్క, "మాకు పెంచండి" అని ఒక ప్రక్క. ఏ సంఘ కమిటీలోనూ అంత వాదన జరిగి ఉండదు. మాస్టారు చివరకు ఒక దారి చూపారు. పల్లవి అందరిది. చరణములో పైకి వెళ్ళే చోట మగవారు ఆగుతారు, ఆడవారు ఎత్తుకుంటారు. క్రిందికి దిగే చోట ఆడవారు ఆగుతారు, మగవారు అందుకుంటారు. ఒకరికి చేతగాని చోటు మరొకరికి సొంత చోటు. పాట మాత్రము ఎక్కడా తెగదు.

రెండవ చిక్కు ఊపిరి. గొల్లలు బెత్లెహేముకు నడిచే పాటలో ఒక దీర్ఘమైన వరుస ఉండేది. ఏ ఒక్కరి ఊపిరికీ అది చాలదు. అందరూ ఒకే చోట ఊపిరి తీసుకుంటే పాట మధ్యలో గుంట పడుతుంది. అందుచేత ప్రక్క ప్రక్కన నిలిచినవారు వేరు వేరు చోట్ల ఊపిరి తీసుకోవాలి. నేను ఆగినప్పుడు నా ప్రక్కవాడు మోయాలి. వాడు ఆగినప్పుడు నేను మోయాలి. ఇది నోటితో చెప్పితే రాదు. పదిసార్లు, ఇరవైసార్లు పాడాలి. ఒక రాత్రి అది కుదురుతుంది. ఇరవై ఐదుమంది గొంతులలో ఆ వరుస నదిలో పడవవలె సాగిపోతుంది, ఎవరు ఎక్కడ ఆగారో ఎవరికీ తెలియదు. ఆ క్షణములో మనిషికి కలిగే సంతోషము ఒంటరిగా ఎంత బాగా పాడినా కలగదు. స్వీడన్ దేశములోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2013లో, కలిసి పాడేవారి ఊపిరితో పాటు గుండె వేగము కూడ కలిసి హెచ్చి తగ్గుతుందని చూపించారు. మా వసారాలో ఏ యంత్రమూ లేదు గాని, ఆ సంగతి మా అందరికీ తెలుసు.

మూడవది చెవి. మాస్టారు మాకు నేర్పిన సూత్రము ఒక్కటే: నీ ప్రక్కవారి గొంతు నీకు వినబడడము లేదంటే నీవు ఎక్కువ పాడుతున్నావు. గట్టి గొంతున్నవానికి ఇది పెద్ద శిక్ష. మెల్లగా పాడేవారికి గొప్ప ధైర్యము. కొందరు యౌవనులు మొదట కోపగించుకొని, నెల తిరిగేసరికి అందరికంటె బాగా వినేవారయ్యారు. ఇంటిలో భార్య మాట కూడ వినడము మొదలుపెట్టాడని ఒకని గూర్చి ఆమెనే నవ్వుతూ చెప్పింది.

ఈ కోరస్ అన్నది లోకములో చాల పాతది. క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దములో ఏథెన్సు నగరములో విషాదాంత నాటకమునకు పదిహేనుమంది కోరస్ ఉండేవారు. వారు వృత్తి నటులు కారు, సాధారణ పౌరులు. నెలల తరబడి సాధన చేసేవారు. ఆ ఖర్చు ఒక ధనవంతుడు భరించాలని నగర నియమము. హాండెల్ "మెస్సయా" 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో మొదటిసారి పాడినప్పుడు అక్కడి రెండు కథీడ్రళ్ళ గాయకులు కోరస్‌గా నిలిచారు. ఆ వచ్చిన డబ్బులో కొంత అప్పులవలన చెరసాలలో ఉన్నవారిని విడిపించడానికి పోయినది. ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్ అనే మిల్లుల ఊరిలో 1836లో ఒక గాయక సంఘము పెట్టారు. నేటికీ పాడుతున్నది. అదే 1836లో బౌడెన్, బీర్ దొరలు మన దేశమునకు వచ్చి, తరువాత నరసాపురమున సేవ స్థాపించారు. అక్కడ మిల్లు పనివారికి, ఇక్కడ వరిచేల పనివారికి, పగలంతా పని చేసి రాత్రి కలిసి పాడాలనే కోరిక ఒకటే.

ఇప్పుడు ఒక సంవత్సరము సంగతి చెప్పాలి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపాను మీలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. వెయ్యిమందికి పైగా ప్రాణములు పోయినవి. తెల్లవారి చూస్తే కోనసీమలో కొబ్బరిచెట్లు గడ్డిపరకలవలె పడి ఉన్నవి. మా గుడి కప్పు పెంకులు ఎగిరిపోయినవి. హార్మోనియం నానిపోయి, మెట్లు ఉబ్బి పలకడము మానివేసినవి. వారముల తరబడి కరెంటు లేదు. సంఘ పెద్దలు కూడి, ఈ ఏడు నాటకము లేదు, దీపాలంకరణ లేదు, ఆ డబ్బు ఇండ్లు కూలినవారికి ఇద్దామని తీర్మానించారు. అందరమూ ఒప్పుకున్నాము. అది న్యాయమైన తీర్మానము.

అయితే నవంబరు నెలాఖరున ఒక సాయంత్రము ఏడు గంటలకు ముగ్గురు నలుగురు ఆడవారు లాంతరు పట్టుకొని వచ్చి వసారాలో కూర్చున్నారు. ఎవరూ పిలవలేదు. "ఎందుకమ్మా వచ్చారు, ఈ ఏడు నాటకము లేదుగదా?" అని అడిగితే, "ఇంటికాడ చీకట్లో కూకుని ఏం చేత్తాం బాబూ, ఆ గొల్లల పాట ఒకసారి అనుకుందారని" అన్నారు. మరునాడు పదిమంది అయ్యారు. మాస్టారు వచ్చి తన గొంతుతోనే శ్రుతి ఇచ్చి, బల్లచెక్క మీద తాళము వేశారు. వేషము లేదు, రంగస్థలము లేదు, చూసేవారు లేరు. ప్రతి రాత్రి సాధన మాత్రము జరిగినది.

వారిలో సముద్రము మీదికి వేటకు వెళ్ళి తిరిగిరాని ఒక కుర్రవాని తల్లి ఉన్నది. ఏటేటా దేవదూతల పాటలో నిలిచే మనిషి. ఆమె రోజూ వచ్చేది. నోరు విప్పేది కాదు. మోకాలి మీద వ్రేళ్ళతో తాళము మాత్రము వేసేది. పది పన్నెండు రోజులు అట్లా గడిచినవి. ఒక రాత్రి రెండవ చరణములో ఆమె గొంతు మెల్లగా కలిసినది. మేమెవ్వరమూ తల త్రిప్పి చూడలేదు. చూస్తే ఆగిపోతుందని అందరికీ తెలుసు. ఎవరూ చెప్పకుండానే, ఆమె గొంతు వినబడేటంతగా అందరమూ మా గొంతులు తగ్గించుకున్నాము. అన్నేండ్ల సాధన మాకు నేర్పినది అదే. ఆ రాత్రి ఆమె దుఃఖము తీరిపోయినదని నేను చెప్పను. అది తీరేది కాదు. కాని ఆ వరుసలో ఆమె చోటు ఆమె కొరకు ఖాళీగా ఉన్నది, ఆమె వచ్చి అందులో నిలిచినది. ఆ క్రిస్మసు ఉదయము కప్పు లేని గుడిలో, మామూలు బట్టలతో, ఆ పాటలనే పాడాము.

సోదరులారా, నేను చెప్పదలచినది ఈ ఒక్కటే. ప్రదర్శన ఒక రాత్రిది. సాధన మనలను ఒకరి కొరకు ఒకరు చెవి పెట్టే జనముగా చేస్తుంది. ప్రదర్శన లేకపోయినా సాధన వ్యర్థము కాదు. సాధన లేని ప్రదర్శన మాత్రము ఎంత మెరిసినా ఆ రాత్రితోనే ఆరిపోతుంది.

ఈ మాట నేడు ఎందుకు చెప్పవలసి వచ్చినదో మీకు తెలుసు. ఇప్పుడు పెన్‌డ్రైవులో ట్రాకు వస్తుంది. ముందుగా పాడించి ఉంచిన కోరస్ స్పీకర్లలో మ్రోగుతుంది. పిల్లలు రెండు రోజులలో పెదవులు కదపడము నేర్చుకొని వేదిక ఎక్కుతారు. శ్రుతి తప్పదు, తాళము తప్పదు, చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. నేను ఆ పిల్లలను తప్పుపట్టను. ఇంటికొకరు హైదరాబాదులోనో కువైటులోనో పనిలో ఉండి, క్రిస్మసుకు నాలుగు రోజుల ముందు దిగుతున్నప్పుడు నెలన్నర సాధన ఎక్కడిది అనే ప్రశ్న న్యాయమైనదే. కాని ట్రాకులోని కోరస్‌కు మన ఊరిలో ఎవరి కొడుకు రాలేదో తెలియదు. అది ఎవరి కొరకూ గొంతు తగ్గించదు.

కనుక రెండవ శతాబ్దములోనికి అడుగిడుతున్న మన డయోసిస్‌ను, ముఖ్యముగా మీ బృందములను మూడు సంగతులు వేడుకుంటున్నాను. ఒకటి, ప్రతి పాస్టరేటులో నవంబరు మొదటి వారమున సాధన మొదలుపెట్టండి. వారమునకు రెండు రాత్రులైనా చాలు. దూరమున ఉన్న పిల్లలకు ఫోనులో వరుసలు పంపండి. వారు అక్కడ నేర్చుకొని వచ్చి ఇక్కడ కలుస్తారు. ఫోను ఆ విధముగా మనకు మంచి వంతయే. రెండు, కోరస్‌కు పరీక్ష పెట్టి ఎవరినీ పంపివేయకండి. గొంతు నిలవనివారికి తాళములు ఇవ్వండి, కంజిర ఇవ్వండి, చివరకు లాంతరు పట్టుకొనే పనైనా ఇవ్వండి. వరుసలో చోటు మాత్రము ఇవ్వండి. మూడు, హార్మోనియం, డోలక్ నేర్చినవారు మన మధ్య తగ్గిపోతున్నారు. ఒక్కొక్కరు ఒక్క శిష్యుని చేరదీయండి. వారికి కావలసిన వాద్యము కొనిపెట్టే భారము ఏథెన్సు ధనవంతునివలె మన సంఘములలో కలిగినవారు వహిస్తే సంతోషము.

ముఖ్య వేషములకు ఎప్పుడూ కొరత లేదు. హేరోదు వేషమునకు మా ఊరిలో నేటికీ ముగ్గురు పోటీ పడతారు, ఎందుకంటే మంచి పద్యములన్నీ ఆ దుర్మార్గునికే వ్రాశారు! వెనుక వరుసకే మనుష్యులు కావాలి. వంత పాడడము చిన్నతనము కాదని తెలిసినవారు కావాలి. ఇక్కడ కూర్చున్నవారిలో అటువంటివారు అనేకులున్నారని నాకు తెలుసు. ఈ మధ్యాహ్నము మీరందరూ కలిసి పాడబోయే పాటకు ఇంకా గంటన్నర వ్యవధి ఉన్నది. నా ప్రసంగము ఇంతటితో ముగిస్తే ఆ కాలమంతా సాధనకే మిగులుతుంది.